ఆకాశానికి పూడిక

నిజామాబాదు నుండి బోధను వెళ్ళే దారిలో వరికోతల కాలమంతా రోడ్డుకు ఒక పక్క వడ్లే. కిందటి కార్తీకంలో ఒక మధ్యాహ్నం పనిమీద ఆ దారిన వెళ్తూ, టీ కోసం ఆగినచోట ఒక పెద్దమనిషి వడ్లు తిరగేస్తూ కనబడ్డాడు. మబ్బు లేదు, వాన సూచన లేదు. ఆకాశం నీలంగా మాత్రం లేదు. బియ్యం కడిగిన నీళ్ళ రంగులో ఉంది. పొద్దు ఎక్కి చాలాసేపయినా రోడ్డుమీద నా నీడకు అంచు సరిగా లేదు. "ఇంకెన్ని దినాలు పడుతుంది పెద్దనాయనా?" అని అడిగాను.

"ఎండల బలం లేదు సారూ. వారం దినాల సంది తిరగేస్తనే ఉన్న. మిషన్ల పెడితే తేమ ఇంక ఇరవై చూపెడుతుంది. పదిహేడుకు దిగితేనే తీసుకుంటరు."

ఎండలో బలం లేదు! రైతు ఎండను బలంతో కొలుస్తాడు, శాస్త్రవేత్త చదరపు మీటరుకు ఇన్ని వాట్లని కొలుస్తాడు. కొంతకాలంగా ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారు. ఆ మాట వినబడనిదల్లా మధ్యనున్న మనకే. మనమంటే పుస్తకాలు చదివి, జాలంలో తెలుగు రాస్తూ, ఋతువులమీద ప్రేమతో టపాలు కట్టే మనం.

ఎందుకంటున్నానో చెబుతాను. ఆ రాత్రి ఇంటికి వచ్చి కంప్యూటరు తెరిస్తే మిత్రుల టపాలలో అదే ఆకాశం కనబడింది. ఒకరికి అది "మంచు మేలిముసుగు", మరొకరికి "సిగ్గుపడిన సూర్యుడు". ఇంకొకరు కుంకుమబంతిలాంటి అస్తమయాన్ని ఫోటో తీసి పెట్టారు. కింద ఇరవై మంది మెచ్చుకున్నారు. ఎవరి పేర్లూ చెప్పను. చెప్పాలంటే ముందు నా పేరే చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట నేనూ ఈ బ్లాగులోనే "ఇందూరు మీద పొగమంచు" అని ఒక టపా రాసి పొగడ్తలు మూటగట్టుకున్నవాణ్ణే. దాన్ని తొలగించలేదు. తప్పు రాసినచోటే దిద్దుబాటు కూడా ఉండాలని ఈ టపా రాస్తున్నాను.

నా వాదం ఇది. మనం మంచు అంటున్నది మంచు కాదు. నేలకు దిగవలసిన ఎండలో కొంత భాగాన్ని మనిషి చేసిన పొగ, ధూళి దారిలోనే కాజేస్తున్నాయి. ఆ నష్టం మోస్తున్నవాడు రైతు, కూలి, పసిబిడ్డ. ఎంత పోతున్నదో చెప్పమని అడిగేవాడు లేడు. పైగా మన సాహిత్యం ఆ దొంగతనానికి అలంకారశాస్త్రం సమకూరుస్తున్నది.

*

ముందు మాట సంగతి చూద్దాం, మనం మాటల మనుషులం కనుక. "పొగమంచు" పాత మాట. పొగలా కనబడే మంచు అని దాని అర్థం. మన పూర్వులకు ఆ పోలిక నిర్దోషమైనది, ఎందుకంటే వారి తెల్లవారుజామున నిజంగా ఉన్నది మంచే. నేడు ఆ సమాసంలో రెండో పదం పోయి మొదటిదే మిగిలింది. పోలిక వాస్తవమై కూర్చుంది.

తేడా కనిపెట్టడానికి పరికరాలేమీ అక్కరలేదు. మంచు ఎండ ఎక్కేకొద్దీ కరిగిపోతుంది. ఇది మధ్యాహ్నం రెండింటికి కూడా అలాగే ఉంటుంది. మంచు తడి; మేడమీద పెట్టిన ఇత్తడి చెంబుమీద చుక్కలు కడుతుంది. ఇది పొడి, తడిగుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడుతుంది. మూడో పరీక్ష పిల్లలది. మా అక్క మనవడికి బూతద్దం ఒకటి కొనిచ్చాను. వానలు వెనకపట్టిన కొత్తలో, ఆకాశం కడిగినట్టున్న రోజున వాడు కాగితం మీద చుక్కపెట్టి పట్టుకుంటే చిటికెలో పొగ లేచింది. నెలన్నర తర్వాత అదే మేడమీద, అదే వేళకు, మబ్బు లేని ఆకాశం కింద వాడు ఎంతసేపు పట్టుకున్నా కాగితం గోధుమరంగుకు తిరిగిందే గాని అంటుకోలేదు. "తాతా, బూతద్దం పాడైంది" అన్నాడు. బూతద్దానికేమీ కాలేదు నాయనా, పాడైంది ఆకాశం.

పిల్లవాడి ఆటే వాతావరణశాఖవారి పని కూడా. వారి వద్ద ఒక గాజుగోళం ఉంటుంది. దాని వెనక అట్టముక్క ఉంటుంది. సూర్యుడు నడిచినంతమేరా గోళం ఆ అట్టను కాలుస్తూ గీత గీస్తుంది. సాయంత్రం ఆ గీతను కొలిస్తే ఆనాటి ఎండ గంటలు తెలుస్తాయి. నేరుగా వచ్చే కిరణం చదరపు మీటరుకు 120 వాట్లకు మించితేనే "ఎండ కాసింది" అని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క. అంటే సూర్యుడు కళ్ళకు కనబడుతున్నా, పుస్తకంలో "ఎండ లేదు" అని పడే ఘడియలు ఉంటాయి. మన కవిత్వానికి ప్రాణమైన ఉదయాస్తమయాలు చాలావరకు ఆ ఘడియలే.

*

ఎండ ఎలా పోతుంది? భూవాతావరణం పైఅంచున సూర్యుడికి ఎదురుగా ఉన్న ప్రతి చదరపు మీటరుకు సుమారు 1361 వాట్ల శక్తి చేరుతుంది. నిర్మలమైన రోజున, సూర్యుడు నడినెత్తికి వచ్చినవేళ, నేలమీదికి సుమారు వెయ్యి దిగుతుంది. మిగిలినదాన్ని గాలి, నీటియావిరి, ఓజోను తీసుకుంటాయి. అది ప్రకృతి వసూలు చేసే సుంకం, దానిమీద ఫిర్యాదు లేదు. ఫిర్యాదు ఆ తరువాతి వసూలు మీద.

బొగ్గూ డీజిలూ కాలితే వచ్చే గంధకపు వాయువు గాలిలో సల్ఫేటు కణాలుగా మారి కాంతిని నలుదిక్కులకూ చెదరగొడుతుంది. అందులో కొంత తిరిగి అంతరిక్షానికే పోతుంది. గడ్డీ, ఊకా, కట్టే, చెత్తా సగం సగం కాలినప్పుడు వచ్చే మసి మరొక రకం. అది కాంతిని చెదరగొట్టడంతో ఆగక మింగేస్తుంది. మింగిన కాంతి వేడిగా మారి పైగాలిలో ఉండిపోతుంది. ఇవి చాలవన్నట్టు ఈ కణాలు మబ్బులలో చేరితే నీటిబిందువుల సంఖ్య పెరిగి, పరిమాణం తగ్గి, ఆ మబ్బు మరింత తెల్లబడి మరింత ఎండను వెనక్కు కొడుతుంది. అస్తమయం ఎర్రబడేది కూడా ఏటవాలు కిరణం గాలిలోంచి ఎక్కువ దూరం నడవవలసి వచ్చి, నీలిరంగును దారిలో పోగొట్టుకోవడం వల్లనే. ధూళి పెరిగేకొద్దీ ఆ ఎరుపు మసకబారుతుంది కూడా. మిత్రులు ఫోటో తీసిన కుంకుమబంతి, ఇల్లు దోచుకోబడ్డాక మిగిలిన సామాను.

ఇది నా ఊహ కాదు. 1989లోనే ఓమురా, లాంగ్ అనే పరిశోధకులు ఐరోపాలో నేలకు చేరే సూర్యరశ్మి తగ్గుతున్నదని చూపారు. ఇజ్రాయిలులో గెరాల్డ్ స్టాన్‌హిల్ అదే గమనించాడు. ఈ పరిణామానికి పెట్టిన పేరును మనం "లోకపు మసక" అనవచ్చు. 1999లో హిందూమహాసముద్రం మీద జరిగిన పెద్ద పరిశీలనలో మన వీరభద్రన్ రామనాథన్ బృందం దక్షిణాసియాను కప్పిన గోధుమరంగు పొగపొరను కొలిచింది. దానిమీద 2002లో వెలువడిన ఐక్యరాజ్యసమితి నివేదిక నేలకు చేరే ఎండ 10 నుండి 15 శాతం వరకు తగ్గుతున్నదని హెచ్చరించింది.

దేశం లెక్క మరింత సూటిగా ఉంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థకు చెందిన పద్మకుమారి, ఆమె సహచరులు 12 కేంద్రాలలో 1981 నుండి 2004 వరకు నమోదైన రికార్డులు పరిశీలించి 2007లో ప్రకటించారు. సగటున ఏటా చదరపు మీటరుకు 0.86 వాట్ల చొప్పున ఎండ తగ్గుతూ వచ్చింది. ఆ 24 ఏళ్ళకూ కూడుకుంటే సుమారు 20 వాట్లు. ఆ పైన 2025లో వెలువడిన మరొక అధ్యయనం 1988 నుండి 2018 వరకు 20 కేంద్రాల ఎండ గంటలను చూసింది. ఉత్తరాది మైదానాలలో నష్టం అన్నిటికంటె ఎక్కువ. మన దక్కను పీఠభూమిలో తక్కువే, ఏటా సుమారు మూడు గంటలు. అయితే ఆ మూడు గంటలు ఏటికేడూ తగ్గుతూ పోయాయి. ముప్పయ్యేళ్ళు అలా తగ్గితే మొదటి ఏడాదికంటె చివరి ఏడాదిలో ఎండ తొంభై గంటలు తక్కువ. వడ్లు ఆరబోసుకున్నవాడికి ఆ తొంభై గంటలు ఎక్కడ పోయాయో అడిగే హక్కు లేదా?

మరొక లెక్క మా ఊళ్ళకు సరిగ్గా తగులుతుంది. 2005లో ఆల్పర్ట్ మొదలైనవారు ప్రపంచంలోని కొలతకేంద్రాలను రెండుగా విడదీశారు: లక్షకు మించిన జనాభా ఉన్న ఊళ్ళు, అంతకు తక్కువవి. 1964–89 మధ్య పెద్ద ఊళ్ళలో ఏటా 0.41 వాట్లు, చిన్నచోట్ల 0.16 వాట్లు ఎండ తగ్గింది. నగరం తన సూర్యుణ్ణి తానే ఎక్కువగా తింటుందన్నమాట. 2011 జనగణనలో నిజామాబాదు 3 లక్షలు దాటింది. బోధను లక్షకు లోపే. ఆ గీతకు అటొకటి ఇటొకటి ఉన్న ఊళ్ళు మావి. మధ్యదూరం పాతిక కిలోమీటర్ల పైచిలుకు. పొగకు ఆ దూరం ఒక లెక్కలోది కాదు.

*

మా జిల్లావాళ్ళకు ఇదంతా ఒక్కమాటలో చెప్పవచ్చు: పూడిక.

మంజీర మీద నిజాంసాగరు 1931లో పూర్తయింది. 29 టీఎంసీలకు పైగా నీరు పట్టేది. దానికింద రెండు లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు. ఆ నీటిమీదే బోధను చెరకు పండింది. ఆ చెరకు మీదే 1937లో శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ లేచింది. కొన్ని దశాబ్దాలకే జలాశయంలో సగానికిపైగా పూడికకు పోయింది. అప్పుడు ఏం చేశారు? "నీళ్ళు మట్టిరంగులో ఎంత అందంగా ఉన్నాయి" అని పద్యాలు కట్టలేదు. కొలిచారు. ఎంత నిల్వ పోయిందో తేల్చారు. ఎత్తు పెంచి 17.8 టీఎంసీలకు తెచ్చుకున్నారు. కాలువ చివరి భూములకు నీరు అందనప్పుడు రైతులు రోడ్డెక్కారు. ఇంజనీర్లు క్యూసెక్కులతో జవాబు చెప్పవలసి వచ్చింది. నీరు ఉమ్మడి సొత్తు, దానికి లెక్క ఉండాలి, చివరివాడికీ వాటా ఉండాలి. ఈ మూడు సంగతులు మా తాతలకు తెలుసు.

మరి ఎండ ఎవరి సొత్తు? ఆకాశంలో పేరుకున్న పూడికను ఎవరు కొలిచారు? ఎండకు కూడా "చివరి ఆయకట్టు" ఒకటి ఉన్నదని ఎందుకు గుర్తించము? ఆ చివరి ఆయకట్టులో ఎవరున్నారో చూడండి.

వడ్ల రైతు ఉన్నాడు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి మించితే ధాన్యం కదలదు. ఆరనిదానికి తరుగు తీస్తారు, లేదా ఇంకో రెండు రోజులు ఉండమంటారు. ఆ రెండు రోజులకు పరదాల కిరాయి, కావలి, మధ్యలో వాన పడితే మొలకలు. ఆ ఆలస్యంలో చలికెంత, తేమగాలికెంత, పొగకెంత అని విడదీయాలంటే కొలత ఉండాలి. కొలత లేదు కనుక మొత్తం రైతు ఖాతాలోనే పడుతుంది.

పసుపు రైతు ఉన్నాడు. నిజామాబాదు పసుపు అంటే దేశమంతా తెలుసు. 2025లో జాతీయ పసుపు బోర్డు కూడా మా ఊరికే వచ్చింది. కానీ పసుపు పండగానే పసుపు కాదు. తవ్వి, ఉడకబెట్టి, పది పదిహేను రోజులు కల్లంలో ఎండబెడితేనే అది మార్కెట్టు యార్డుకు వచ్చే కొమ్ము అవుతుంది. బోర్డుకు భవనం ఉంది, బోర్డుకు అధ్యక్షుడున్నాడు. కల్లంలో ఖర్చయ్యే ప్రధాన సరుకైన ఎండకు మాత్రం పద్దు లేదు.

పసిబిడ్డ ఉంది. ఎముక గట్టిపడటానికి కావలసిన డి విటమిను మన చర్మంలో తయారయ్యేది సూర్యుని అతినీలలోహిత కిరణాలలో ఒక సన్నని భాగంతో. పొగ దాన్నీ అడ్డుకుంటుంది. 2002లో వెలువడిన ఢిల్లీ పరిశోధనలో, పొగ దట్టంగా ఉండే మోరీగేటు ప్రాంతపు పసిపిల్లల రక్తంలో ఈ విటమిను, అప్పట్లో గాలి మెరుగ్గా ఉన్న గుర్‌గావ్ పిల్లలలో ఉన్నదానిలో సగానికంటె తక్కువని తేలింది. ఇరుకు గల్లీలలో, గడపలోపలే కూర్చుని బీడీలు చుట్టే మా జిల్లా తల్లుల ఒళ్ళో పెరిగే బిడ్డలకు అసలే ఎండ తక్కువ. ఆ తక్కువలోంచి ఇంకా కోతా?

బోధనును ఏకచక్రపురమని మా స్థలపురాణం. భీముడు బకాసురుణ్ణి చంపిన ఊరు ఇదేనంటారు. ఆ కథలో నన్ను ఎప్పుడూ కలవరపెట్టేది రాక్షసుడు కాదు, ఊరివాళ్ళ ఏర్పాటు. రోజుకొక బండెడు అన్నం, ఇంటికొక వంతు. ఎంత సర్దుకుపోయారంటే చివరకు వంతుల పట్టికే వాళ్ళకు ధర్మమైపోయింది. మనమూ వంతులు వేసుకుంటున్నాం. ఈ ఏడు నీ వడ్లు, వచ్చే ఏడు నా పసుపు.

*

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. శక్కర్‌నగర్ పొగగొట్టం ఆగి చాలాకాలమైంది కదా, ఆకాశం బాగుపడి ఉండాలి కదా?

ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. ఒకప్పుడు ఆసియాలోనే అతిపెద్దదని చెప్పుకున్న చక్కెర కర్మాగారం. నా చిన్నప్పుడు మేనమామగారింటికి బోధను వెళ్తే, చలికాలపు రాత్రుళ్ళు చెరకు బండ్ల వరుస, ఉడికే రసం వాసన, వేళకు మోగే కూత. దానిమీద ప్రేమ లేనివాడు ఈ జిల్లాలో ఉండడు. అది మళ్ళీ తెరవాలని కోరేవారిలో నేనూ ఒకణ్ణి.

కానీ అది మూతపడ్డాక జరిగింది గమనించండి. చెరకు కొనే దిక్కు లేక పొలాలు వరికి తిరిగాయి. వరిని కోసేది మిషను. మిషను మోకాలెత్తు కొయ్యకాళ్ళు వదిలిపెడుతుంది, గడ్డిని చిందరవందరగా పారేస్తుంది. వానాకాలం కోతకూ యాసంగి నాటుకూ నడుమ గడువు తక్కువ, కూలి ఎక్కువ. అగ్గిపుల్ల చవక. సాయంత్రం వర్ని, కోటగిరి దారుల్లో వెళ్తే పొలాలమీద ఎర్రని గీతలు కనబడతాయి. చెరకు కాలంలోనూ మోడుచెత్త కాల్చేవారు, కాదనను. అయితే అప్పుడు అందరికీ కనబడే పొగగొట్టం ఒకటి ఉండేది. దాన్ని నిలదీయవచ్చు, జల్లెడ పెట్టించవచ్చు. ఇప్పుడు పొగగొట్టం లేదు. ప్రతి మడి ఒక పొయ్యి. దానికి తోడు ఊక కాల్చే బాయిలర్లు, ఇటుకబట్టీలు, ఊరి చివర రాత్రీపగలూ రాజుకునే చెత్తకుప్పలు, డీజిలు బండ్లు, చలిమంటల్లో పాత టైర్లు.

పని పోయింది, పొగ ఉండిపోయింది. "ఉపాధి కావాలంటే పొగ భరించాలి" అని ఇన్నాళ్ళూ చెప్పినవారికి బోధనే జవాబు. 2024లో ప్రభుత్వం పునరుద్ధరణకు కమిటీ వేసింది. తెరవండి, కానీ పిప్పి కాల్చే బాయిలరుకు బూడిద పట్టే యంత్రాలతో తెరవండి. ఆ యంత్రాలు కొత్తవీ కావు, అరుదైనవీ కావు. రైతుకు గడ్డి కట్టలు కట్టే మిషను అద్దెకు దొరికేటట్టు చేసి, ఆ గడ్డికి ధర కట్టి, ఆ తరువాత అగ్గిపుల్లను నిషేధించండి. వరస మార్చి, ముందు జరిమానా వేస్తే అది పర్యావరణం కాదు, పోలీసుతనం.

మరొక వింత. 2024లో ఇంటికప్పుల మీద సౌరఫలకాలకు కేంద్రం పెద్ద పథకం పెట్టింది. నేనూ ఫలకాలు పెట్టించాను. మా వీధికి కొంత దూరంలో ఒక రైసుమిల్లు ఉంది. వారం తిరిగేసరికి ఫలకాల మీద ఊకబూడిద వేలితో పేరు రాయగలిగినంత పేరుకుంటుంది. తుడిచిన మర్నాడు మీటరు చూపే తేడాను మా ఇంటి కాలెండరులో రాసుకుంటున్నాను. నాదేదో ప్రత్యేక దురదృష్టం కాదు. గాంధీనగర్ ఐఐటీలో కొన్ని వారాలపాటు తుడవని ఫలకాలను శుభ్రం చేస్తే ఉత్పత్తి ఒక్కసారిగా 50 శాతం పెరిగిందని 2017లో ప్రకటించారు. అది ఫలకం మీది ధూళి. ఫలకానికి చేరకముందే గాలిలో పోయేది వేరు. ఢిల్లీలో అది సుమారు 12 శాతమని 2018లో లెక్కగట్టారు. ఒక చేత్తో ఎండను పట్టుకోవడానికి రాయితీ, మరొక చేత్తో ఎండను మసిచేయడానికి మౌనానుమతి!

ఈ సంగతి పట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్ళాను. అక్కడి పెద్దమనిషి మర్యాదగానే కూర్చోబెట్టి, నా కాగితం చదివి నవ్వాడు. "ఎండ పెరిగిందని వస్తారు గాని, తగ్గిందని ఫిర్యాదు ఇదే మొదటిసారి సార్. మే నెలలో రండి, కావలసినంత ఇస్తాం." చుట్టూ ఉన్నవారూ నవ్వారు. నేనూ నవ్వాననే చెప్పాలి. మెట్లు దిగాక సిగ్గేసింది.

*

ఆ నవ్వులో ఒక వాదం ఉంది కనుక జవాబు చెప్పాలి. నలభై అయిదు డిగ్రీలు చూసే ఊరికి ఎండ తగ్గితే మేలే కదా? ఈ పొగ వేసవి గొడుగు కాదు. అది దట్టంగా పేరుకునేది గాలి కదలని చలికాలంలో, అంటే మనకు ఎండ కావలసిన నెలల్లోనే. పైగా మసి మింగిన వేడి ఎక్కడికీ పోదు, మన తలమీదే గాలిలో ఉంటుంది. నేలకు వెలుతురు తగ్గి, గాలికి వేడి చేరి, సముద్రం నుండి లేచే ఆవిరి తగ్గి, రుతుపవనమే బలహీనపడుతుందని రామనాథన్ బృందం 2005లో చూపింది. పొగపొర భూతాపాన్ని కొంత కప్పిపుచ్చుతున్న మాట నిజమే. అప్పు చేసి పండగ చేసుకుంటే పూట గడుస్తుంది. అప్పు తీరుతుందా?

రెండో వాదం చదువుకున్నవారిది: చెదిరిన వెలుతురు మొక్కల కింది ఆకులకు కూడా అందుతుంది కనుక పంటకు లాభమని. కొంతమేరకు నిజం, కొన్ని అడవులలో రుజువైంది కూడా. పొర చిక్కబడితే ఆ లాభం నష్టానికి తిరుగుతుంది. ఆఫ్‌హామర్, రామనాథన్, విన్సెంట్ 2006లో మన దేశపు వరి దిగుబడులనే పరిశీలించి, గోధుమరంగు పొగ వాటిని తగ్గించిందనే తేల్చారు. ఆపైన, కోసి కుప్పవేసిన వడ్లకు చెదిరిన వెలుతురుతో ఏం పని? వాటికి కావలసింది కాగే ఎండ.

మూడో వాదం: "మన ఊరు ఢిల్లీ కాదు". కాదు. అందుకే ఇప్పుడు అడుగుతున్నాను. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమంలో తెలంగాణ నుండి హైదరాబాదు, నల్లగొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి ఉన్నాయి, నిజామాబాదు లేదు. జాబితాలో లేకపోవడాన్ని ఆరోగ్యమనుకుంటే, పరీక్ష చేయించుకోనివాడికి జబ్బే లేనట్టు.

ఇది తిరిగిరాని నష్టమూ కాదు. లండనులో 1952 నాటి ప్రాణాంతకపు పొగ తరువాత 1956లో చట్టం తెచ్చారు. తరువాతి దశాబ్దాలలో ఆ నగరపు చలికాలపు ఎండ గంటలు పెరిగాయి. 1980ల తరువాత ఐరోపాలో గాలి శుభ్రపడేకొద్దీ నేలకు ఎండ తిరిగి చేరుతున్నదని మార్టిన్ వైల్డ్ మొదలైనవారు 2005లో చూపారు. అంతదూరం ఎందుకు, 2020 మార్చిలో దేశమంతా ఇళ్ళలో కూర్చున్నప్పుడు ఢిల్లీలో ఫలకాలకు చేరిన ఎండ ఆ నెలాఖరుకు 8 శాతానికి పైగా పెరిగింది. ఆ వారాలలో మా మేడమీంచి నేను చూసిన నీలిరంగు నాకు బాల్యం తరువాత అదే. అది మహమ్మారి ఇచ్చిన వరం కాదు. మనం రోజూ తీసుకుంటున్నది కొన్ని వారాలపాటు తీసుకోకపోవడం, అంతే.

*

అడగవలసినవి మూడే. మొదటిది కొలత. హైదరాబాదు, అనంతపురం, కడప, విశాఖపట్నాలలో ఇస్రో సహకారంతో గాలిలోని కణాలను కొలుస్తున్నారు. డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయం మేడమీద ఎండను కొలిచే పరికరం ఒకటి, బోధనులో ఒకటి ఉండాలి. ఉంటే ఆ అంకెలు ప్రకటించాలి, లేకుంటే పెట్టించాలి. రెండోది, వడ్ల కొనుగోలు కేంద్రాల బోర్డుమీద తేమ శాతం పక్కన ఆనాటి ఎండ కూడా రాయాలి. రైతు ఆలస్యానికి సాక్ష్యం ఉండాలి. మూడోది, గడ్డి కట్టే మిషన్లు, బాయిలర్ల బూడిదకు జల్లెడ, చెత్తకుప్పల మంటలకు ముగింపు.

ఇవి ప్రభుత్వం పనులు. మన పని వేరే ఉంది. ఇందూరు ఖిల్లా జైలులో దాశరథి బొగ్గుముక్కతో గోడమీద పద్యాలు రాశారు. ఆ ఊరివాళ్ళం మసిని చూసి మంచు అని రాస్తే ఎలా? ఇకమీదట ఈ బ్లాగులో నేను ఆకాశాన్ని వర్ణించేముందు ఒక తెల్లగుడ్డను తడిపి మేడమీద తుడిచి చూస్తాను. గుడ్డ తెల్లగా ఉంటే మంచు అని రాస్తాను. నల్లబడితే పొగ అని రాస్తాను, ఛందస్సు చెడినా సరే.

మీరూ చూడండి. మీ ఊరు, తేదీ, వేళ, గుడ్డ రంగు వ్యాఖ్యలలో రాయండి. వీలైతే మీ ఇంటి సౌరఫలకం మీటరు అంకె కూడా. తుడవక ముందు ఒకటి, తుడిచాక ఒకటి. ఏడాది తిరిగేసరికి మన దగ్గర ఒక చిన్న పట్టిక ఉంటుంది. అది శాస్త్రం కాకపోవచ్చు గాని, ఆ కార్యాలయానికి రెండోసారి మెట్లెక్కడానికి నాకు చేతిలో ఒక కాగితం ఉంటుంది. ఈసారి నవ్వితే నేను కూడా కలిసి నవ్వను.

బోధను దారిలోని ఆ పెద్దమనిషి వడ్లు మరి నాలుగు రోజులకు ఆరాయట. తిరుగు ప్రయాణంలో అక్కడే ఆగి అడిగాను. ఆ నాలుగు రోజులకు పరదాల కిరాయి తానే కట్టుకున్నాడు.